అడవి కొట్టినవారి స్మృతి – గెలావోల పితృపూజ

పితృపూజ అనగానే సంస్కృత విద్యార్థికి మొదట స్ఫురించేవి నామగోత్రాలు. తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పేరునా పిలిచి పిండప్రదానం చేయడం మన శ్రాద్ధకల్పాలు విధించిన పద్ధతి. పేర్లయినా మిగలని తొలి పూర్వులను ఒక జాతి ఏ విధంగా అర్చిస్తుంది? ధర్మశాస్త్ర పాఠం చెప్పే నన్ను చిరకాలంగా వెన్నాడిన ఈ ప్రశ్నకు చైనాలోని గెలావో జాతి ఆచారాలలో ఒక సమాధానం లభించింది.

గెలావోలలో అత్యధికులు నైరుతి చైనాలోని గ్వేజౌ రాష్ట్రపు కొండసీమలలో నివసిస్తారు. 2020 జనగణన ప్రకారం వీరి సంఖ్య సుమారు 6,77,000. చాంద్రమాన సంవత్సరారంభంలో వచ్చే వసంతోత్సవం వీరి పండుగలలో ముఖ్యమైనది. జిగురు బియ్యాన్ని ఉడికించి, దంచి, పెద్ద ముద్దగా చేసి పితరులకు నివేదిస్తారు. గ్వేజౌ మధ్యభాగంలో ఆ ముద్దను మూడు దినాలు పితరుల ఎదుటనే ఉంచి, ఆ తరువాతనే భుజిస్తారు. పిండాన్ని, పితృశేషాన్ని ఎరిగిన మనకు ఇందులో అపరిచితమైనది లేదు.

అయితే ఆ పితరులెవరో తెలియాలంటే వసంతం నుండి పంటకాలానికి రావాలి. కొత్త ధాన్యాన్ని మొదట పితరులకు సమర్పించి, పిదప తాము రుచి చూచే పండుగ వీరికి ఉన్నది. ఇది మన ఆగ్రయణాన్ని తలపిస్తుంది. కాని ఆనాడు గెలావోలు తమ పొలంలోనే గాక, ఇతర జాతుల వారి పొలాలలో కూడ కొన్ని వెన్నులు కోసుకొనే ఆచారం ఉన్నది. పొలం యజమానులు అడ్డు చెప్పరు. ఆ సీమలో తొలుత అడవి కొట్టి, గడ్డి పెరికి నేలను సాగుకు తెచ్చినవారు గెలావోల పూర్వులేనని ఇరుగుపొరుగువారి విశ్వాసం. శవయాత్రలో దారి కొనుగోలుకై కాగితపు ధనం చల్లడం అక్కడి ఇతరుల ఆచారం కాగా, గెలావోలు దానిని పాటించరు. తమ పూర్వులు తెరచిన నేలపై తాము దారి కొననేల అని వారి భావం.

మనుస్మృతి నవమాధ్యాయంలో, మోళ్లు నరికి బాగుచేసినవానిదే పొలమని ఒక న్యాయం ఉన్నది. అక్కడ అది దృష్టాంతంగా వచ్చిన మాట; గెలావోలలో అదే పితృపూజకు ప్రాణం. వీరి పితరులకు గుర్తు పేరు కాదు, శ్రమ.

1413లో గ్వేజౌ మింగ్ సామ్రాజ్యపు ప్రత్యేక రాష్ట్రమైనది. ఆ యుగంలోను, తరువాతి చింగ్ యుగంలోను వలస వచ్చిన సైనికులు, కృషీవలులు సారవంతమైన భూములలో స్థిరపడ్డారు. తొలి సాగుదారుల సంతతి చెల్లాచెదరయింది. భూమిపై హక్కు పోయినా, పిడికెడు వెన్నుల హక్కు మిగిలింది. ఆ పిడికెడును కేవలం కానుకగా నేను భావించలేను. అది పత్రం లేని శాసనం.

నేడు గెలావోలలో అధికసంఖ్యాకులు చైనా భాషనే మాట్లాడుతున్నారు. సొంత భాష తెలిసినవారు అత్యల్పులు. మంత్రం పోయినా తంత్రం నిలుస్తుందని మనం ఊరట చెందవచ్చు. కాని ముద్ద ఎందుకు పెడుతున్నారో చెప్పే నోరు లేనినాడు అది పిండివంటగా మాత్రమే మిగులుతుంది. పితృఋణమంటే పిండం పెట్టడం మాత్రమే కాదు. వారు ఏమి చేసి పోయినారో తరువాతి తరానికి చెప్పడం కూడ. శ్రాద్ధప్రకరణాన్ని బోధించే మనకు సైతం ఈ కర్తవ్యం వర్తిస్తుందని నా విశ్వాసం.