దప్పిగొన్న పూత

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఇంట్లో అచ్చు తీసేవాళ్ల గుండె ఒక్కచోట జారుతుంది. అచ్చు విప్పుతుంటే పై పూత పెచ్చుగా ఊడి చేతిలోకి వస్తుంది. లోపలి పూత మట్టిబొమ్మనే పట్టుకుని ఉండిపోతుంది. రెండూ ఒకే సంచీలోని పొడి, ఒకే బిందెలోని నీళ్లు. అయినా కలవలేదు.

తిరుపతిలో గాలిగోపురాల మీది సుధాశిల్పాలు బాగుచేసే ఒక పెద్దాయన పాత సున్నం మీద కొత్తది పూసేముందు చెప్పే మాట ఇది: "ముందు దానికి నీళ్లు తాపల్ల నాయనా. అది దప్పిగ్గా ఉంటే నీ సున్నంలో నీళ్లు తాగేస్తాది." ప్లాస్టర్ గుట్టు కూడా చాలావరకు ఇందులోనే ఉంది.

రాజస్థాన్‌లో విస్తారంగా దొరికే జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని నీటిలో ముప్పాతిక వంతు ఎగిరిపోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్. పోయిన నీటిని మళ్లీ ఇస్తే సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, పావుగంటా ఇరవై నిమిషాల్లో గట్టిపడతాయి. అప్పుడు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ పెనవేత ఇంకా సాగుతుండగానే రెండో పూత పడితే రెండింటి సూదులూ కలిసిపోతాయి, మధ్య హద్దు ఉండదు. ఆలస్యమైతే కథ వేరు. మే నెలలో మన ఊళ్లో పొద్దున వేసిన పూత మధ్యాహ్నానికే పైన తెల్లగా ఆరుతుంది. ఆ ఆరిన పూత కొత్తదానిలోని నీటిని లాగేసుకుంటుంది. నీళ్లు చాలక కొత్త పూత అడుగుభాగం రాయి కాకుండా పొడిగానే మిగులుతుంది. పెచ్చు లేచేది అక్కడే.

తితిదే 1960లో తిరుపతిలో నెలకొల్పిన శిల్ప శిక్షణ సంస్థలో రాతి, సుధ, లోహ శిల్పాలు నేర్పుతారు. పూత మీద పూత వేసే విషయంలో సుధ పనికీ లోహం పనికీ ఎంత తేడా! లోహ విగ్రహం పోతపోయడానికి మైనపు బొమ్మ మీద మట్టి పూతలు వేస్తారు. 12వ శతాబ్దపు చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసం కూడా మొదటి పూత పలచగా వేసి, నీడలో ఆరాకే తర్వాతి పూత వెయ్యమంటుంది. ఆరిన మట్టి తడి తగిలితే మళ్లీ మెత్తబడి కొత్త మట్టిని కలుపుకుంటుంది. ప్లాస్టర్‌కు ఆ అవకాశం లేదు. ఒకసారి గట్టిపడ్డాక నీళ్లు పోస్తే తడుస్తుంది గానీ కరిగి కలిసిపోదు. మట్టికి మల్లే దాన్ని నమ్ముకుని రేపటికి వదిలేయకూడదు.

అందుకే నా పట్టుదల ఒకటే: రెండు పూతలకూ కావలసిన సరంజామా ముందే పక్కన ఉండాలి. నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు కాదు. మొదటి పూత పలచగా, వేళ్లతో చిమ్మినట్టు పడాలి. మెరుపు పోయి, ఇంకా గోరు దిగుతున్నప్పుడే రెండోది వెయ్యాలి. గోనె పీచు వేస్తే పొడిగా పరచకుండా పలచని ప్లాస్టర్‌లో ముంచి వెయ్యాలి. పొడి పీచు కూడా నీళ్లు తాగేదే. గిన్నెలో పాత ప్లాస్టర్ పెళ్లలు ఉంటే కొత్తది తొందరగా బిగుస్తుంది, అందుకని గిన్నె ప్రతిసారీ కడగాలి. ఎంత జాగ్రత్తపడినా పూత ఆరిపోతే మేకుతో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, దుమ్ము దులిపి, పీల్చడం మానేదాకా తడపాలి. పైన నీళ్లు నిలవకూడదు. అచ్చు ముక్కలు విడిరావడానికి వాడే సబ్బునీళ్లు మాత్రం ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

బొమ్మ పోశాక పగలగొట్టే అచ్చుకు మాత్రం శిల్పులు దీన్ని తలకిందులు చేస్తారు. మొదటి పూతలో కాస్త నీలిమందు కలుపుతారు, ఉలి దెబ్బకు నీలం కనబడగానే చెయ్యి నెమ్మదించాలని. ఆ నీలం పూత మీద, అంచులు వదిలేసి, పలచని మట్టినీళ్లు రాస్తారు. దాంతో రెండు పూతలూ అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని ఉంటాయి. అంచు తెగగొడితే పై పూత పలకలు పలకలుగా లేచి వస్తుంది, లోపలి బొమ్మకు దెబ్బ తగలదు.