టైరు మీద పుట్టిన తేదీ

చిలకాకుపచ్చ చీర మీదికి అచ్చంగా అదే రంగు జాకెట్టు గుడ్డ కోసం బీసెంటు రోడ్డంతా కాళ్ళు పీకేలా తిరిగినదాన్ని నేను. "ఆ రంగు రావటంలేదమ్మా, ఇది దగ్గర దగ్గరగా వుంది, తీసుకుపొండి" అనే మాట విని విని విసిగిపోయినదాన్ని. కాని కారు టైర్లకి కూడా ఇలాంటి మ్యాచింగు గొడవ వుంటుందని మొన్న మొన్నటిదాకా నాకు తెలీదు. తెలిసేసరికి నేను విజయవాడ ఆటోనగర్లో, నూనె మరకల మధ్య, ఒక ముక్కాలిపీట మీద కూచుని వున్నాను.

కారంటే కొత్తది కాదు. మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 నమూనా కారుని బొంబాయి కుర్లాలో తయారుచేసి, దానికి మన రాణి పద్మిని పేరు పెట్టుకున్నారు. డబ్బు కట్టి యేళ్ళ తరబడి ఎదురుచూస్తేగాని కారు చేతికొచ్చేది కాదు ఆ రోజుల్లో. మా నాన్నగారు తెనాలిలో ప్లీడరు. 1978లో ఆ కారు మా గుమ్మంలోకి వచ్చిననాడు అమ్మ ఎర్రనీళ్ళు దిష్టి తీసింది. ఆ కార్ల తయారీ ఎప్పుడో ముగిసిపోయింది. బొంబాయి వీధుల్లో మిగిలిన పద్మిని టాక్సీలకి కూడా 2023 అక్టోబరులో గడువు తీరిపోయింది. ఆ సంగతి టీవీలో చూసి అమ్మ, "మన ఇంట్లోది మాత్రం వుందిగా" అంది ధీమాగా.

నాన్నగారు 2012లో పోయారు. అమ్మ మా ఇంటికొచ్చేసింది. అమ్మతోపాటు కారూ వచ్చింది. నెలకోసారి మేస్త్రీ వచ్చి స్టార్టు చేసి, మా వీధి చివరిదాకా తిప్పి తెచ్చి షెడ్డులో పెడతాడు. దసరాకి అమ్మ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తుంది. అంతే దాని సంసారం.

ఈ యేడు రెండు ముచ్చట్లు ఒక్కసారే వచ్చిపడ్డాయి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కదా, ఆ గడువు దగ్గరపడింది. రెండోది, ఎనభైనాలుగేళ్ళ మా అమ్మ కోరిక. "మీ పిన్నిని చూసి రెండేళ్ళయింది. ఒక్కసారి ఆ కారులో తెనాలి తీసుకెళ్ళవే" అంది. పట్టుమని ముప్ఫై కిలోమీటర్లు. దానికేం భాగ్యం అనుకున్నాం.

మేస్త్రీ వచ్చి చూశాడు. ఇంజను బాగుందన్నాడు. బ్రేకులు సరిచేశాడు. చివరికి టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని, బొటనవేలితో పక్కభాగం నొక్కి, "అమ్మాయిగారూ, ఇట్రండి" అన్నాడు. వెళ్ళి చూద్దును కదా, నొక్కిన చోటల్లా సన్నగా బీటలు! వేసంగిలో చెరువు అడుగు మట్టిలా.

"పైన గాట్లు చెక్కుచెదరలేదు కదా మేస్త్రీ, ఎక్కడ అరిగాయని?" అన్నారు మావారు.

"అరగలేదండీ, ముసలివైపోయినయి" అన్నాడు మేస్త్రీ. రబ్బరు తిరిగినా తిరక్కపోయినా గట్టిపడిపోతుందిట. ఎండా గాలీ తగిలి లోపల పట్టు సడలిపోతుందిట. మెల్లిగా వీధి చివరిదాకా పోతే ఏమీ కాదు గాని, హైవే మీద వేడెక్కితే ఎప్పుడు పగులుతాయో చెప్పలేం అన్నాడు. అప్పుడే నాకు ఆ రహస్యం కూడా చూపించాడు. ప్రతి టైరు పక్కనా ఒక గడిలో నాలుగంకెలు వుంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మా టైరు మీద 1911 అని వుంది. అంటే 2011లో పందొమ్మిదో వారంలో పుట్టిందన్నమాట. వయసు అడిగితే మనం నవ్వి ఊరుకుంటాంగాని, టైరు అబద్ధమాడదు సుమండీ! అయిదేళ్ళు దాటాక ఏటేటా చూపించుకోవాలనీ, ఎంత నిగనిగలాడినా పదేళ్ళు మించి వాడొద్దనీ చాలా కంపెనీలవాళ్ళు చెబుతూనే వున్నారు.

సరే, మార్చేద్దామన్నాం. అమ్మ వొప్పుకోలేదు.

"అవి మీ నాన్నగారు వేయించినవే. జబ్బుపడే ముందు ఆయన స్వయంగా వెళ్ళి వేయించుకొచ్చారు. కారు నిండా ఇంకేం చెయ్యనన్నా చెయ్యండి, వాటి జోలికి రావద్దు" అంది. నాన్నగారి చొక్కాలు కూడా ఎవరెవరికో ఇచ్చేసిన మనిషి, నాలుగు టైర్ల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాకెవ్వరికీ నోరు పెగల్లేదు. తెనాలి ప్రయాణం అక్కడితో ఆగింది. అమ్మ లేని వేళ చూసి మార్చేద్దామా అనుకున్నానుగాని, అలా చేస్తే ఆవిడ ఆ కారెక్కదు, నాకూ ఎక్కబుద్ధి కాదు.

ఎప్పటికైనా తప్పదు కదా, ముందు ఏం దొరుకుతాయో చూసొద్దామని ఆటోనగర్ బయల్దేరాను. ఇంట్లోవాళ్ళ సలహాలు కూడా వెంట వచ్చాయి.

మావాడి సలహా అల్లాయ్ వీల్స్. "పాత రిమ్ములు తీసేసి, మెరిసేవి వేస్తే అమ్మమ్మ కారు సినిమా కారులా వుంటుందమ్మా" అన్నాడు. షాపులో వాడికి నచ్చినవి 13 అంగుళాలవి. మన కారువి 14. ఒక్క అంగుళమేగా అనుకున్నాను. మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క వేసి చూపించాడు. టైరు మీద 155/80 ఆర్ 14 అని వుంటే, 155 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 80 శాతం ఎత్తు, ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ము అంగుళాలు. కిందా పైనా టైరు ఎత్తు కలుపుకుంటే చక్రం మొత్తం సుమారు 604 మిల్లీమీటర్లు. మావాడు మోజుపడ్డ 165/70 ఆర్ 13 అయితే 561. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. అంచేత కారు నిజంగా 56లో పోతుంటే స్పీడోమీటరు 60 అని గొప్పలు పోతుంది. ఇంజనూ ఊరికే ఆయాసపడుతుంది. పైగా బోల్టుల కన్నాల మధ్య దూరం కలవాలి, నడిమి కన్నం కలవాలి, చక్రం లోపలికి ఎంత కూచోవాలో అంత కూచోవాలి. లేకపోతే మలుపు తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకి రాసుకుంటుంది. గాజుల సైజు తెలీకుండా గాజులు కొనుక్కొచ్చినట్టేనన్నమాట. బలవంతాన ఎక్కిస్తే గాజైనా పగులుతుంది, చెయ్యైనా గీరుకుంటుంది.

మావారి సలహా పొదుపు. "ముప్ఫై కిలోమీటర్లేగా, ముందు రెండింటికి రేడియల్ వేసి, వెనక పాతవి వుంచుదాం" అన్నారు. మేస్త్రీ చెంపలు వేసుకున్నంత పని చేశాడు. మన పాతవి 5.20-14 అనే నైలాన్ టైర్లు. వాటిల్లో దారాలు నులకమంచం అల్లినట్టు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పోతాయి. రేడియల్లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా పోయి, పైన వడ్డాణంలా ఉక్కు పట్టీలుంటాయి. రెండింటి నడక వేరు. ముందు గట్టిగా పట్టే టైర్లూ వెనక జారే టైర్లూ పెడితే, వానలో మలుపు తిరిగేటప్పుడు కారు వెనకభాగం మన మాట వినదు. "వేస్తే అయిదూ ఒక్క రకమే వెయ్యాలండి, స్టెప్నీతో సహా" అని తీర్పు చెప్పాడు.

ఇక ఒక షాపాయన సలహా మరీ ముచ్చటైంది. లోపలినుంచి సరిగ్గా మా పాత కొలత టైర్లే తెచ్చి ముందు పడేశాడు. "ఈ సైజు ఇంకెక్కడా దొరకదమ్మా! కొత్తవి. కాగితం లేబులు కూడా ఊడలేదు. సగం ధరకిచ్చేస్తా" అన్నాడు. నిజంగానే నల్లగా, అద్దంలా మెరుస్తున్నాయి. నేను కళ్ళజోడు సవరించుకుని, వంగి, పక్కనున్న గడి వెతికాను. 4012. "ఏవండీ, ఇవి 2012లో పుట్టాయి కదా! మా పాతవాటికి చెల్లెళ్ళే" అన్నాను. ఆయన మొహం చూడాలి! మేస్త్రీ అటు తిరిగి దగ్గాడు. పాత పట్టుచీర మడత విప్పకుండా పెట్టెలో దాచినా మడతల దగ్గర చిరుగుతుందని మనకి తెలీదూ? ఇదీ అంతే.

అన్నీ విన్నాక నాకొకటి అర్థమైంది. రిమ్ములు కారు ఒంటితో పుట్టినవి. అవి మారిస్తే అది పద్మిని కాకుండా పోతుంది. టైర్లు చెప్పులవంటివి, కాలం చెల్లితే మార్చుకోవలసిందే. కాని ఈ ముక్క అమ్మకి ఎలా చెప్పటం?

నేను చెప్పనక్కరలేకపోయింది. రిజిస్ట్రేషన్ కాగితాల కోసం కారు ముందరి పెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున నాన్నగారి చిన్న నోటుబుక్కు దొరికింది. పెట్రోలు, ఆయిలు, బ్యాటరీ, అన్నీ ఆయన గుండ్రటి అక్షరాల్లో పద్దులు. టైర్లకి ఒక పేజీ. 1982, 1986, 1991... వేయించిన తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, పక్కనే "తరువాత మార్చవలసినది" అని ఒక గడి. ఆఖరి వరుసలో, 2011 జూన్. పక్క గడిలో 2016.

నోటుబుక్కు తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టి చూసుకుంటూ కూచుంది. "టైర్ల విషయంలో ఎంత చాదస్తమో ఆ మనిషికి! గీత పడితే చాలు, పిల్లలెక్కే బండి అనేవారు" అంది. కాసేపయ్యాక, "ఆయన మార్చమని రాసిపెట్టిన దాన్ని మనమే ఇన్నాళ్ళూ తొక్కిపెట్టాం. మార్పించెయ్యి" అంది.

పాత ఇనప రిమ్ములు తీయించి తుప్పు గీకించాం. మిషను మీద తిప్పి చూస్తే ఒకటి వొంకర తేలింది. దానికి జోడు పాత సామాన్ల కొట్లో వెతికి పట్టుకొచ్చాడు మేస్త్రీ. రంగు వేయించి అయిదు కొత్త రేడియళ్ళు ఎక్కించాం. ట్యూబు లేకుండా నడిపే టైర్లకి రిమ్ము అంచు వేరే తీరులో వుండాలిట. మనవి ట్యూబు కాలం నాటివి కనక లోపల రేడియల్‌కి పనికొచ్చే ట్యూబులే వేయించాం. అన్నిటి మీదా ఈ యేటి అంకెలు వున్నాయో లేదో నేనే చూసుకున్నాను. మొత్తం ఖర్చు ఒక మోస్తరు కంచిపట్టుచీర. మావారు ఆ పోలిక విని, "అయితే ఈ యేటికి చీర లేనట్టేగా" అన్నారు. విననట్టు ఊరుకున్నాను.

వీల్ కప్పులు అమ్మే విభూతితో తోమింది. తోమి, వెనక్కి జరిగి చూసి, "గాలి తక్కువైందే, పొట్టలొచ్చాయి" అంది. రేడియల్ టైరుకి గాలి సరిగ్గా వున్నా కింద కొంచెం పొట్ట కనపడుతుందిట. "వయసొస్తే రాదూ అనుకున్నాంగాని, పుట్టుకతోనే వస్తాయన్నమాట" అని తృప్తిపడింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మంగళగిరి దాటి దుగ్గిరాల మీదుగా తెనాలి. మావాడు నడుపుతున్నాడు, అమ్మ ముందు సీట్లో, నాన్నగారి పక్కన కూచున్నట్టే కూచుంది. దుగ్గిరాల వచ్చేసరికి అద్దం దించి, "పసుపు వాసన వస్తోంది చూడు" అంది. పిన్ని వీధిలోకి పరుగెత్తుకొచ్చి ముందు కారుని తడిమి, తరువాత అక్కని కావలించుకుంది.

తిరిగొచ్చిన రాత్రి అమ్మ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. నాన్నగారి ఆఖరి వరుస కింద తేదీ రాశాను, కిలోమీటర్లు రాశాను. "తరువాత మార్చవలసినది" గడి దగ్గర కలం ఆగింది.

"రాయవే, అయిదేళ్ళు కలిపి రాయి" అంది అమ్మ. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "అప్పటికి నాకు ఎనభైతొమ్మిది. నన్నొకసారి చూపించుకుని వస్తే సరి" అని నవ్వి, లైటార్పి పడుకుంది.