నల్లబోర్డు మీద నాలుగు లైన్లు



మొన్న పరకాల దిక్కు నుంచి ఇద్దరు తమ్ముళ్ళు పని మీద మా ఊరికి వచ్చారు. హోటల్ గోడకు ఉన్న నా నల్లబోర్డు చూసి, "కాకా, మా ఊళ్ళో గూడ ఒకటి పెడదామనుకుంటున్నం. జనం ఆగి చదవాలంటే ఏం రాయాలె?" అని అడిగారు. చాయ్ తాగేలోపు చెప్పే ముచ్చట కాదది. అందుకే ఇక్కడ కూర్చొని రాస్తున్నా. మీలో ఇంకెవరికైనా ఆ ఆలోచన ఉంటే పనికొస్తది.

2018లో మొదలుపెట్టాను. మా బడిలో కొత్త బోర్డులు వచ్చి పాతది మూలకు పడేశారు. హెడ్మాస్టరు సారును అడిగితే తీసుకుపొమ్మన్నారు. పొద్దున పాలు పోసేటోళ్ళు, కూలికి పోయేటోళ్ళు అందరూ హోటల్ ముందునుంచే పోతారు కాబట్టి ఆ గోడకే తగిలించాను. ఇంటర్ దాకా చదివినోణ్ణి, రాత మంచిగుంటది, ఊరు మొత్తం చదువుతది అనుకున్నా.

ఏం రాశానో తెలుసా? "రైతే రాజు". "ఐకమత్యమే బలం". తెల్లారి ఇంకో మంచిమాట. పదిహేను రోజులు రాశాను. ఒక్కరు ఆగలేదు. మా పిల్లగాళ్ళు కింద "దావత్ ఎప్పుడు కాకా" అని రాసి పోయారు. తర్వాత పేపర్ల వార్తలు రాశాను. అవి అందరూ అప్పటికే ఫోన్లలో చూసేశారు. మా ఇంటామె అన్నది, "రాజు అని రాస్తే ఎవరు చదువుతరు, అప్పు ఎట్ల తీర్చాల్నో రాయి" అని. కోపం వచ్చింది గానీ, మాట నిజమే.

ఆ నవంబర్‌లో నాకు ఒక దెబ్బ తగిలింది. 22 క్వింటాళ్ళ పత్తి ట్రాక్టర్‌లో వేసుకొని ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి పోయాను. తేమ 14 శాతం చూపించింది. మీకు తెలిసిందే, 8 దాకా పూర్తి ధర, 8 నుంచి 12 దాకా ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే కొనరు. వాపస్ తీసుకొచ్చే ఓపిక లేక బయట 4,700కు అమ్ముకున్నా. ఆ ఏడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర 5,450. నా పత్తి 12 దగ్గర ఆగినా కోత పోను 5,232 చేతికొచ్చేది. ఎండబెడితే తూకం కొంచెం తగ్గేదే, అయినా అంత నష్టం అయ్యేది కాదు.

తప్పు ఎవరిది? నాదే. మంచు ఆరకముందే పొద్దున్నే ఏరించాను. ఎండలో పోయకుండా అదే రోజు బోరాల్లో తొక్కించాను. ముప్పై ఏళ్ళ నుంచి పత్తి పెట్టేటోణ్ణి అని చెప్పుకుంటా, ఇది ఎవరికి చెప్పాలన్నా సిగ్గే. రెండు రోజులు హోటల్ దిక్కే పోలేదు. మూడో రోజు చీకటితోనే లేచి పోయి బోర్డు మీద ఇట్ల రాశాను:

"నా పత్తికి తేమ 14. కొనలేదు.
మంచు మీద ఏరించిన. ఎండబెట్టలే. తప్పు నాదే.
బయట 4,700కు అమ్మిన.
మీరు రెండు రోజులు ఎండ చూపించి తీసుకపోండ్రి."

ఆ రోజు జనం ఆగారు. సైకిల్ మీదున్నోళ్ళు కాలు కింద పెట్టి చదివారు. ఒకాయన, "14 అంటే ముట్టుకుంటే తెలుస్తదా?" అని అడిగాడు. ఇంకొకాయన తనకు పోయినేడు అట్లనే అయిందనీ, ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదనీ అన్నాడు. చదివేటోళ్ళు ఎట్ల వస్తారో నాకు అప్పుడు తెలిసింది. నా దగ్గర మంచిమాటలు ఎవరికీ అవసరం లేదు. నా చేను, నా తూకం, నా లెక్క కావాలి. అందులో పోయినది కూడా ఉంటేనే వచ్చినది నమ్ముతారు.

అప్పటి నుంచి పద్ధతి పెట్టుకున్నా. నాలుగు లైన్లే. పొద్దున ఐదున్నరకల్లా రాసి ఉండాలి, ఎందుకంటే ఆరు దాటితే మనోళ్ళు చేలల్లో ఉంటారు. ఒక రోజు రాసి నాలుగు రోజులు మానేస్తే, ఐదో రోజు రాసినా ఎవరూ తల తిప్పరు. రాసేందుకు ఏమీ లేని రోజు "ఇయ్యాల ఏం లేదు" అని రాసి తేదీ వేస్తా. గులాబీ రంగు పురుగు కాలంలో నా చేన్లో లింగాకర్షక బుట్టలో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో రోజూ అంకె వేస్తా. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు ఆలోచించాలని సార్లు చెప్తారు గదా, ఆ 8 ఎప్పుడు దాటుతదా అని జనం చూసి పోయేవాళ్ళు. మందు షాపు చెప్పినందుకు కొట్టుడు కొంచెమైనా తగ్గింది.

ఇంకో సంగతి. నా బోర్డును అందరికంటే గట్టిగా పట్టుకున్నది అక్షరం రాని ఒక ముసలవ్వ. మిర్చి ఏరబోయే ముఠాతో పోయేది. రోజూ ఆగి, "ఇయ్యాల ఏం రాసినవ్ బిడ్డా, సదువు" అనేది. చదివి వినిపిస్తే అది పది మంది ఆడోళ్ళకు చేరేది. ఆమె కోసమే రాత మార్చాను. నోటితో చదివితే అర్థం కాని మాట బోర్డు మీద వేయడం మానేశాను. ఆమె అడిగిందనే కూలి రేటు కూడా రాయడం మొదలుపెట్టా. రైతుల్లో కొందరికి అది నచ్చలేదు. అయినా ఆపలేదు.

ఇంతవరకు మంచే చెప్పాను. ఇప్పుడు చెప్పేది చెప్పకుండా బోర్డు పెట్టమంటే మిమ్మల్ని మోసం చేసినట్టే.

నాలుగేళ్ళ తర్వాత ఒక మార్చి నెల. మిర్చి కల్లాల మీద ఉంది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, జిల్లాకు వాతావరణ సలహా వస్తది. వచ్చే ఐదు రోజుల సంగతి అందులో ఉంటది. మంగళవారం దాంట్లో ఆదివారం దాకా వాన లేదని ఉంది. అదే రాశాను. శుక్రవారం చుట్టాల పెళ్ళికి పోయి రాత్రి ఆలస్యంగా వచ్చా. కొత్తది చూడలేదు. శనివారం పొద్దున "ఆదివారం దాకా వాన లేదు" అనే లైను తుడవకుండా మీద తేదీ ఒక్కటి మార్చి పోయాను. శుక్రవారం సాయంత్రం వచ్చిన దాంట్లో ఉరుములతో వాన అని మారింది. శనివారం రాత్రే పడ్డది.

మా పక్క చేను కౌలుకు చేసే బావ ఆ రాత్రి పట్టా కప్పలేదు. పన్నెండు క్వింటాళ్ళ దాకా కాయ ఆరబోసి ఉంది. అందులో నాలుగు క్వింటాళ్ళ పైన రంగు పోయి తాలు కింద లెక్క అయింది. తాలుకు ఎర్రకాయ ధరలో సగం వస్తే గొప్ప అని మీకు నేను చెప్పాల్నా? పొద్దున ఆయన పిడికెడు తడి కాయ తెచ్చి బోర్డు కింద అరుగు మీద పెట్టాడు. "బావా, నీ బోర్డు చూసే పండుకున్న" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

నష్టం కట్టిచ్చేంత నా దగ్గర లేదు. నా పట్టాలు రెండు ఆయన కల్లానికి మోసుకపోయి, మిగిలిన కాయ తిరగేసేందుకు మూడు రోజులు నేనూ మా ఇంటామె పోయాం. బోర్డు తీసేద్దామనుకున్నా. మా ఆమె ఒప్పుకోలేదు. "పత్తి పోయినప్పుడు నీ తప్పు నువ్వే రాసుకున్నవ్. ఇప్పుడు ఇంకొకరిది పోయిందని దాచిపెడ్తవా?" అన్నది.

తెల్లారి రాశాను. "శనివారం నేను రాసింది పాత కబురు. కొత్తది చూడలేదు. ఒక రైతుకు నష్టం అయింది. తప్పు నాదే." మూడు రోజులు తుడవలేదు. ఇగ ఎవరూ చదవరు అనుకున్నా. చదివారు, కానీ ముందులా కాదు. అప్పటిదాకా నేను రాసేది, వాళ్ళు చూసేది. తర్వాత నుంచి పొద్దున్నే వచ్చి, "కాకా, ఏనుమాముల రేటు నువ్వు రాసింది మొన్నటిది, నిన్నటిది ఇది" అని నన్ను దిద్దడం మొదలుపెట్టారు. ఇప్పుడు బోర్డులో సగం వాళ్ళు తెచ్చిన కబుర్లే. పక్కన ఒక సుద్దముక్కల డబ్బా పెట్టాను, ఎవరైనా రాయొచ్చు, కింద పేరు వేయాలంతే.

తమ్ముళ్ళూ, మీరు పెట్టేటట్టయితే నేను చెప్పేది ఇంతే. మీకు అయిన ఒక నష్టంతో మొదలుపెట్టండి. మీ చేన్లో చూసిన అంకె రాయండి. విన్న కబురైతే ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే వేయండి. మందు మోతాదు గుర్తుమీద రాయొద్దు. సీసా మీద చూడండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి అడగండి, తెలుగులోనే చెప్తారు. తప్పు రాస్తే, తప్పు ఎంత పెద్దగా రాశారో దిద్దింది కూడా అంత పెద్దగా రాయండి. మీ అక్షరం చూసి ఎవరో పట్టా కప్పకుండా పండుకుంటారు, అది మర్చిపోవద్దు.

మా బావ ఎనిమిది నెలలు బోర్డు దిక్కు చూడకుండా పోయేవాడు. మాట్లాడేవాడు, కానీ చదివేవాడు కాదు. పోయిన పత్తి ఏరేటప్పుడు ఒక పొద్దున ఆగాడు. ముందు పైన ఉన్న తేదీ చూశాడు. తర్వాత వాన లైను పక్కన వేసిన రోజు, టైము చూశాడు. అప్పుడు చదివాడు.

ఉంటా. చేనుకు నీళ్ళు పెట్టాలి, కరెంటు వచ్చింది.