వెబ్‌సైటు కట్టడం తేలికే, ఖాళీ చేయడమే కష్టం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మా చుట్టాలు దాదాపుగా అందరూ ఈ మూడు ఊళ్ళలోనే ఉంటారు. ఇంట్లో ఒకడు సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్నాడంటే ప్రింటరు రిపేరు దగ్గర్నుంచి అన్నీ వాడికే తెలియాలని ఒక లెక్క :) ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న మాత్రం ఇది: "ఇంట్లో కంప్యూటరు మీద సులువుగా వెబ్‌సైటు చేసుకునే సాఫ్టువేరు ఏదైనా చెప్పరాదురా?"

మిర్యాలగూడ బాబాయికి రైస్ మిల్లు కోసం కావాలి. కోదాడ అక్కకి ట్యూషన్ల కోసం. సూర్యాపేటలో ఉండే పెద్దనాన్న రిటైరైన తెలుగు మాస్టారు. పిల్లలమర్రి గుళ్ళ మీద, అక్కడి శాసనాల మీద ఏళ్ళ తరబడి రాసుకున్న నోట్సు ఆయన దగ్గరుంది. అది నలుగురికీ అందాలని ఆయన కోరిక.

అందరూ "సులువు" అంటే అరగంటలో అయిపోవడం అనుకుంటారు. నా మటుకు నాకు అసలు సులువు వేరే. పదేళ్ళ తర్వాత ఆ కంపెనీ దుకాణం మూసేస్తే మన సరుకు మన చేతికి వస్తుందా, రాదా? అదీ చూడాల్సింది.

ఇది ఉత్త భయం కాదు. ఒకప్పుడు లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ని యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. చిన్న వ్యాపారులు ఫోనులోనే చేసుకున్న గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ వెబ్‌సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. అదే మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్ సంగతి చూడండి. 2006లో దాన్ని ఆపేశారు, కానీ దాంతో చేసిన పేజీలు చేసినవాళ్ళ హార్డ్ డిస్కులోనే ఉండిపోయాయి. హెచ్‌టీఎంఎల్ ఫైలు కాబట్టి ఈరోజుకీ ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటుంది. తేడా అర్థమైంది కదా? ఒకటి సొంతిల్లు, ఇంకోటి అద్దిల్లు.

కాబట్టి ఏ సాఫ్టువేరైనా ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఫైళ్ళు ఎక్కడుంటాయి? విక్స్ లాంటివి బ్రౌజర్లోనే అందంగా చేసిపెడతాయి, నిజమే. కానీ అక్కడ చేసిన సైటుని యథాతథంగా వేరే సర్వరుకి తీసుకెళ్ళనివ్వరు. వర్డ్‌ప్రెస్‌ని ఎక్కడికైనా మార్చుకోవచ్చు గానీ, దానికి డేటాబేసు కావాలి, అప్‌డేట్లు చేస్తూ ఉండాలి. అయిదు పేజీల మిల్లు సైటుకి అంత సంసారం ఎందుకు?

రెండు, తెలుగు యూనికోడ్‌లో ఉందా? ఇది మనవాళ్ళకే ప్రత్యేకమైన తలనొప్పి. మన డీటీపీ సెంటర్లలో ఎన్నో ఏళ్ళుగా అను ఫాంట్లు వాడుతున్నారు. అందులో కనిపించేది తెలుగే అయినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. దాన్ని తెచ్చి వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గీతలే. గూగుల్లో "పిల్లలమర్రి" అని వెతికినా దొరకదు. పెద్దనాన్న నోట్సులో సగం అలా టైపు చేయించిందే. ముందు దాన్ని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, దీర్ఘాలు ఓపిగ్గా సరిచూసుకోవాలి. అసలు పని అక్కడుంది, సాఫ్టువేరులో కాదు.

మూడు, నెట్ లేకపోయినా పని సాగుతుందా?

ఈ మూడింటికీ సరిపోయేదాన్ని అడిగితే నేను చెప్పేది పబ్లీ. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. వర్డులో టైపు చేసినట్టు చేసుకుంటూ పోతే, చివర్లో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసి సర్వరుకి ఎక్కిస్తుంది. పెద్దనాన్న లాంటి వాళ్ళకి గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. అది ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి ఉద్దేశించింది కాదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది కనుక, బాబాయి మాత్రం మామూలు హోస్టింగ్ కొనుక్కోవడమే మంచిది.

దీంట్లోనూ ఇబ్బంది లేకపోలేదు. అంతా మీ కంప్యూటర్లోనే ఉంటుంది కాబట్టి, డిస్కు పోతే అదీ పోతుంది. నెలకోసారి ఆ ఫోల్డరుని పెన్‌డ్రైవులోకి కాపీ చేయడం తప్పదు.

చివరగా ఒక మాట. సైటు ఎవరితో చేయించుకున్నా ఫర్వాలేదు, డొమైన్ మాత్రం మీ పేరు మీద, మీ ఈమెయిలుతో కొనండి. దాని పాస్‌వర్డు కాగితం మీద రాసి పొలం పాసుబుక్కు పక్కన బీరువాలో పెట్టండి. అది కూడా ఆస్తే.