పిలువని పేరంటము

చెన్నపురికి ఉత్తరమున పెరంబూరు ప్రాంతమున మూడు తరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబము మాది. మాకు చేరువనున్న కొళత్తూరు రంగుచేపల వర్తకమునకు పేరెన్నిక గన్న చోటు. మొన్నటి వానకాలమున మా మనుమడు అచ్చటినుండి ఒక గాజుతొట్టెను, ఎండిన మ్రానుకొమ్మను, కొన్ని నీటిమొక్కలను, ఆరు గప్పీ చేపలను కొనితెచ్చెను. తొట్టెలో ఇంచుమించు 60 లీటర్ల నీరు పట్టును.

తొలివారమున నీరు అద్దమువలె నుండెను. ఎనిమిదవనాడు ఒక చేప చచ్చెను. పిమ్మట కొమ్మపై దూదివంటి తెల్లని జిగురు పుట్టెను. గాజుగోడలకు గోధుమవన్నె పొడి పట్టెను. ఆకుల అడుగున జిగురుముద్దలును, వానినుండి ఆవగింజలంత నత్తలును వెలువడెను. తుదకొక రాత్రి దీపము పట్టి చూడగా, గాజునంటుకొని దారపుముక్కవంటి జీవి యొకటి సన్నని చేతులు చాచుచు ముడుచుచు నుండెను. వీనిలో ఒక్కటియు మేము కొన్నది కాదు.

"మామయ్యగారూ, ఈ మురికి వల్లనే చేప చచ్చింది. అంతా పారబోసి సబ్బుపెట్టి కడిగేస్తాను" అని మా కోడలు నడుము బిగించెను. మనుమని మోము చిన్నబోయెను. కచేరీలో 30 ఏండ్లు దస్త్రములు చూచిన మాకు, విచారణ లేక తీర్పు చెప్పు అలవాటు లేదు. కొంత గడువు కోరితిమి.

చేప చచ్చినది నీరు తేటగా నున్నప్పుడు గదా! చేపల విసర్జనమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. అది విషము, కంటికగపడదు. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొక తెగ దానిని అంత హాని చేయని నైట్రేటుగా మార్చును. ఈ జీవుల పనిని రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వెల్లడించెను. ఇవి గులకరాళ్లను, కొమ్మను, గాజును అంటిపెట్టుకొని పెరుగును. క్రొత్త తొట్టెలో కుదురుకొనుటకు సాధారణముగ 4 మొదలు 6 వారములు పట్టును. సబ్బుతో కడిగినచో కథ మొదటికి వచ్చును; మిగిలిన చేపలకును అదే గతి పట్టవచ్చును. కావున మేత తగ్గించి, దినము విడిచి దినము పావువంతు నీరు మాత్రము మార్చితిమి. కుళాయినీటిని ఒక దినము బయట నిలువయుంచి, క్లోరిను పోయిన తరువాత పోసితిమి.

ఇక కొమ్మపైని దూది, మ్రానులోని తీపిపదార్థములను తిని పెరుగు బూజు. అది తీరగానే పోవును. గోధుమపొడి డయాటములను సూక్ష్మమైన పాచి. క్రొత్త తొట్టెలలో ఇది తరచుగా కనబడును. నత్తలు మొక్కలతోపాటు గ్రుడ్లుగా వచ్చినవి. 1850 ప్రాంతమున లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారుచేపలను నీటిమొక్కతో కలిపి పెంచగా, ఆకులు క్రుళ్లి నీరు చెడెను. అప్పుడాయన వానిని తినుటకు నత్తలను కోరి తెచ్చి వేసెను, నీరు బాగుపడెను. మన ఇండ్లలో ఏరి పారవేయు నత్తకు అంతటి మర్యాద జరిగినది!

పేరంటమునకు వచ్చినవారందరును మంచివారని మా వాదము కాదు. ఆ దారపుజీవి హైడ్రా. పెద్దచేపలను అదేమియు చేయజాలదు గాని, అప్పుడే పుట్టిన పిల్లలను పట్టగలదు; గప్పీలా, పిల్లలను కనునవి. దానిని నలిపిన లాభము లేదు. ముక్కలు చేసినను ముక్క ముక్కయు పూర్ణజీవి యగునని ట్రెంబ్లే అను పండితుడు 1740 దశకమున హాలెండులో కనిపెట్టెను. అందుచే సన్నని గొట్టముతో నీటితోపాటు పీల్చి తీసివేసితిమి.

మనుమడు బడిలో అరవము చదువుచున్నాడు. వాడు "పాసి" అనును, మేము పాచి యందుము. వాడు "నత్తై" అనును, మేము నత్త యందుము. ఈ తొట్టె ముందు కూర్చున్నప్పుడు వానికి మా మాటలు అంత క్రొత్తగా తోచవు.

ఆరవ వారమునకు గోధుమపొడి చాలవరకు పోయి, అక్కడక్కడ పచ్చని నాచు మొలచెను. అయిదు చేపలును బ్రతికియున్నవి. ఒకటి పిల్లలను పెట్టెను. కోడలు ఇప్పుడు సబ్బు మాట ఎత్తుటలేదు. నత్తలు మాత్రము లెక్కకు మిక్కిలి యైనవి. మేత ఎక్కువైనచో అవి పెరుగునని మనుమనికి దినదినము చెప్పుచున్నాము. వాడు వినుటలేదు.