పత్తి సింహాసనము

విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా రేవులోనికి వచ్చు ఓడలలో విదేశపు బొగ్గు మోసికొనివచ్చునవి అనేకములు. ఉక్కు కర్మాగారపు కొలుములకు ఆస్ట్రేలియా బొగ్గు కావలెను. అచ్చటి గనులను వరద ముంచినచో ఇచ్చట ఖర్చు పెరుగును. దూరదేశపు చిక్కు తెలుగు తీరమును తాకుట ఈనాటి వింత కాదు. 1861లో అమెరికాలో చెలరేగిన కలహము కోస్తాలోని పత్తిచేలను, సాలెల మగ్గములను కూడ కదిలించెను.

ఆ కలహమునకు మూలము బానిసత్వము. 1860 నాటికి అమెరికా దక్షిణ రాష్ట్రములలో సుమారు 40 లక్షలమంది నల్లజాతివారు బానిసలై యుండిరి. వారిని సంతలో పశువులవలె అమ్ముచుండిరి. తల్లి ఒక యజమానికి, బిడ్డ వేరొక యజమానికి పోవుటయు కలదు. వారి చెమటతో పండిన పత్తియే ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు ఆధారము. ఆ మిల్లులకు చేరు పత్తిలో ఇంచుమించు నాల్గింట మూడుపాళ్లు అమెరికాదే. కావున దక్షిణాది నాయకులకు గర్వము హెచ్చెను. పత్తియే రాజనియు, దానితో పోరుటకు లోకమున నెవరికిని గుండె చాలదనియు 1858లో జేమ్స్ హామండ్ అను సెనేటు సభ్యుడు సభలో పలికెను.

బానిసత్వము క్రొత్త సీమలకు వ్యాపింపరాదని వాదించిన అబ్రహాం లింకను 1860 నవంబరులో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. దక్షిణ రాష్ట్రములు ఒక్కొక్కటిగా విడిపోయెను. తుదకు వాని సంఖ్య 11. 1861 ఏప్రిలులో యుద్ధము మొదలయ్యెను. లింకను దక్షిణపు రేవులను నౌకలచే దిగ్బంధింప నాజ్ఞాపించెను. దక్షిణాదివారును తమంతట తామే పత్తిని బిగబట్టిరి. మిల్లులు ఆగినచో ఇంగ్లండు తమ పక్షమునకు దిగివచ్చునని వారి లెక్క.

మిల్లులు ఆగెను. లాంకషైరు పనివారికి తిండి కరవయ్యెను. అయినను 1862 డిసెంబరు 31న మాంచెస్టరులో సభ చేసిన పనివారు బానిసల విముక్తినే కోరుచు లింకనునకు లేఖ పంపిరి. కడుపు కాలుచుండగా వ్రాసిన లేఖ అది! మరునాడే, తిరుగుబాటు సీమలలోని బానిసలు స్వతంత్రులని లింకను ప్రకటించెను.

హామండు మరచిన సంగతి యొకటి కలదు. పత్తి ఒక్క అమెరికాలోనే పండదు. ఈజిప్టులో పండును, బొంబాయి వెనుకనున్న సీమలలో పండును, గుంటూరు నల్లరేగడిలోను పండును. గోదావరి, కృష్ణలపై ఆనకట్టలు అంతకు కొలది యేండ్ల ముందే వెలసెను. గుంటూరు సీమ పత్తి పడవలపై కాలువల వెంట కాకినాడ చేరి, అచ్చట ఓడల కెక్కెను. కాకినాడ రేవునకు మహర్దశ పట్టెను. విశాఖకు అట్టి కాలువలు లేవు. ఇసుకమేటలచే లోపలికి ఓడలు రాజాలక బయట సముద్రముననే నిలుచుచుండెను. విశాఖ నౌకాశ్రయము సిద్ధమైనది 1933లో.

హామండు పేరైనను వినని తెలుగు రైతు అతని రాజును గద్దె దింపుటలో ఇట్లు కొంత పాలు పంచుకొనెను. అయితే లాభములో పెద్దపాలు వర్తకులదే. లివర్పూలులో పత్తి వెల మూడురెట్లకు పైగా పెరుగగా, ఇచ్చట నూలు ప్రియమయ్యెను. ఒకనాడు తూర్పుతీరపు బట్టలను కొనుటకే ఆంగ్ల వర్తకులు విశాఖలో కోఠీ కట్టిరి. ఆ తీరపు నేతగానికే ఇప్పుడు నూలు కొనుట భారమయ్యెను. మాంచెస్టరు పనివాని కష్టమును చరిత్రకారులు వ్రాసిరి. సాలెవాని కష్టమును వ్రాసినవారు తక్కువ.

1865 ఏప్రిలులో యుద్ధము ముగియవచ్చెను. ఆ నెలలోనే లింకను ఒక హంతకుని తుపాకికి బలియయ్యెను. డిసెంబరునాటికి రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను. శాంతివార్తతో పత్తి వెల కూలి, బొంబాయిలో కోటీశ్వరులు దివాలా తీసిరి. అమెరికా పత్తి మరల లాంకషైరు చేరసాగెను. గుంటూరు రేగడిలో పత్తి సేద్యము మాత్రము నిలిచెను. విదేశపు బజారులలో ఆ పత్తిని, అది ఓడ యెక్కిన రేవునుబట్టి, చిరకాలము ‘కోకనాడ’ అనియే పిలిచిరి.