వానపాముల భోజనం

మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం రాజేంద్రనగర్ నుంచి ఎర్ర వానపాములు తెచ్చాం. డాబా మీద నీడలో రెండు టబ్బులు పెట్టి, ఒక్కోదాంట్లో యాభై వేశాం. ఒకదానికి కూరగాయల తొక్కలు, ఎండుటాకులు. రెండోదానికి మా బర్రె పేడ.

అత్తమ్మ మొదటిరోజే తేల్చేసింది: "ఉత్త తొక్కలు తిని ఎర్రలు ఏం పిల్లల్ని పెడ్తయ్ బిడ్డా? పెండ ఎయ్యిండ్రి."

పచ్చి పేడ మాత్రం వెయ్యకూడదు. అది వేడెక్కి, ఘాటెక్కి, వానపాములు చస్తాయి. రెండు మూడు వారాలు తడుపుతూ చల్లార్చాలి. తొక్కల్లోనూ నిమ్మ, బత్తాయి, ఉప్పూకారం తగిలినవి పక్కకి తియ్యాల్సిందే. డార్విన్ కూడా తన గదిలో కుండీల్లో వానపాముల్ని పెంచి, ఏ ఆకు ముందు తింటాయో చూసి 1881లో పుస్తకం రాశాడు. తిండి దగ్గర పేచీలు మా పాపకే అనుకున్నాను!

ఆరు వారాలకి టబ్బులు తిరగేశాం. తొక్కల టబ్బులో ఒక్కటీ చావలేదు కానీ సన్నగా ఉన్నాయి. గుడ్ల తిత్తులు నాలుగే దొరికాయి. నిమ్మకాయ ఆకారంలో, జొన్నగింజకంటే చిన్నగా ఉంటాయవి. ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలు రావచ్చు. పేడ టబ్బులో పాప అరవై దాకా లెక్కపెట్టి, విసుగొచ్చి మానేసింది.

వానపాముకి పళ్ళుండవు. కుళ్ళుతున్నదాన్ని, దానిమీది సూక్ష్మజీవులతో సహా మింగుతుంది. పేడంటే బర్రె కడుపులో సగం అరిగొచ్చిన గడ్డే కదా, సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి, నత్రజనీ ఉంటుంది. తొక్కల్లో నీళ్ళే ఎక్కువ, ఎండుటాకుల్లో నత్రజని తక్కువ. ప్రాణం నిలబడుతుంది, గుడ్లు పెట్టేంత బలం రాదు.

ఈ బర్రెని అమ్మేద్దామని మావారి పట్టు. 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక శంషాబాద్ చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి, మేపడానికి జాగా లేదు. నాలుగింటిలో ఇదొక్కటే మిగిలింది. గడ్డి కొనాలి, పాలు చూస్తే పూటకి లీటరున్నర. ఆయన లెక్కలో తప్పేం లేదు. అత్తమ్మ ఏమీ వాదించలేదు. పాప నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టి, చదువు రాకపోయినా ఆ నాలుగునీ అరవైనీ వేలుపెట్టి చూపించింది.

ఇప్పుడు మూడో టబ్బు పెట్టాను, సగం పేడ, సగం తొక్కలు. పేడ తగ్గితే ఎంతవరకు నెట్టుకురాగలమో చూడాలని. బేరగాడు దసరా అయ్యాక వస్తానన్నాడు. అత్తమ్మ మాత్రం రోజూ పొద్దున్నే ఒక గంపెడు పెండ విడిగా తీసి, గోనె కప్పి చల్లారబెడుతోంది.